అంతర్వేది దారిలో బస

నేడు సముద్రతీరానికి విహారం వెళ్ళేవారు బస కుదుర్చుకునే ముందు "గదిలోంచి నీళ్ళు కనబడతాయా?" అని అడుగుతున్నారు. మా గోదావరి సీమ పెద్దలకు కావలసినవి వేరు. మంచినీళ్ళు దొరుకుతాయా? పొద్దుగూకేలోగా రేవు దాటగలమా? పట్టెడన్నం పెట్టే ఇల్లుందా? డెల్టా తీరంలోని యాత్రల చరిత్ర చాలావరకు ఈ మూడు ప్రశ్నల్లో ఇమిడి ఉంది.

సప్తసాగర యాత్ర పేరు ఈ తరం వారు అరుదుగా విని ఉంటారు. పుష్య బహుళ అమావాస్య నాడు కాకినాడ దాపున చొల్లంగిలో తుల్యభాగా సంగమ స్నానంతో అది ఆరంభమౌతుంది. గోదావరి ఏడు పాయలూ కడలిలో కలిసే చోట్ల మునిగి, మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేదిలో వసిష్ఠా సంగమం చేరాలి. ఆనాడే అక్కడ లక్ష్మీనరసింహస్వామి రథోత్సవం. సంగమాల వద్ద నేల చవుడు, నీరు ఉప్పు. స్నానం అక్కడే అయినా, వంటకూ నిద్రకూ లోపలి ఊళ్ళను ఆశ్రయించక తప్పదు.

యాత్రాకాలం కూడా గమనింపదగినది. ఈ తీరానికి గండం ఆశ్వయుజ కార్తిక మాసాల్లో వచ్చే తుఫానులే. 1839 నవంబరు ఉప్పెన కోరంగి రేవును ధ్వంసం చేసింది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ పడిన బాధ మనలో చాలామందికి కళ్ళారా తెలుసు. చొల్లంగి అమావాస్య నాటికి ఆ గండం దాటిపోతుంది. పుణ్యకాలమూ క్షేమకాలమూ ఇక్కడ ఒకటే అయ్యాయి.

సత్రమనే మాట సంస్కృతంలో మొదట దీర్ఘకాలం సాగే యజ్ఞానికి పేరు. తరువాత అన్నదాన గృహానికి వాడుకైంది. ఈ రెండర్థాలూ ఒకే ఇంట కలిసిన చోటు లంకల గన్నవరం. డొక్కా సీతమ్మ గారు (1841-1909) మండపేటలో పుట్టి, డొక్కా జోగన్న గారి ఇల్లాలై గన్నవరం వచ్చారు. వైనతేయ ఒడ్డున, అంతర్వేది పోయే దారిలో ఉన్న ఊరది. వేళ కాని వేళ వచ్చినా, కులమేదైనా, ఆ ఇంట అన్నం దొరికేది.

ఆమె గురించి మా ప్రాంతంలో చెప్పుకునే ముచ్చట ఒకటుంది. జీవితంలో ఒక్కసారి అంతర్వేది స్వామిని చూద్దామని ఆమె బయలుదేరి, దారిలో ఒకచోట ఆగారట. అటుగా వస్తున్న ఒక కుటుంబంలోని పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు. "కాస్త ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మ గారు అన్నం పెడతారు" అని పెద్దలు ఊరడిస్తున్నారు. ఆ మాట చెవిని పడగానే ఆమె దర్శనం మాని, వారికంటే ముందే ఇల్లు చేరి వంట సిద్ధం చేశారట. బస అంటే గోడలూ కప్పూ కాదు, ఎదురుచూసే మనిషి అని నా విద్యార్థులకు ఈ కథతోనే చెప్పేవాణ్ణి.

ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830-31లో కాశీయాత్ర చేస్తూ మజిలీ మజిలీకి నీటి వసతి, అంగళ్ళు, సత్రాలు ఎలా ఉన్నాయో రాసి పెట్టారు. తరువాత వచ్చే బాటసారి మేలు కోరిన రాత అది. మన ఊళ్ళ సత్రాల సంగతులు మాత్రం అలా రాసినవారు తక్కువ. కట్టించిన దాతల పేర్లు శిలాఫలకాలతో పాటే చెరిగిపోతున్నాయి. ప్రతి ఊరివారూ తమ సత్రం కథ పెద్దల నోట విని రాసి ఉంచడం అవసరం.

ఇప్పుడు వంతెనలు వచ్చాయి, దిండిలో విహారగృహాలు వెలిశాయి. సంతోషమే. అయినా అంతర్వేది వెళ్ళేవారు గన్నవరంలో ఒక్కసారి ఆగండి. వైనతేయ మీది కొత్త అక్విడక్టుకు సీతమ్మ గారి పేరే పెట్టారు. ఆ పేరు చదివి ముందుకు సాగండి.