ఆయమ్మ చేతుల్లోంచి

2006 మార్చి. చైనాలోని హునాన్ ప్రావిన్స్ రాజధాని చాంగ్షాలో పొద్దుటి నుంచీ ముసురు. విమానాశ్రయం నుంచి ఊళ్లోకి వస్తున్న మినీబస్సు అద్దాలకు ఆవిరి పట్టింది. ముందు సీట్లో ఎనిమిదేళ్ల పిల్ల అరచేత్తో అద్దం తుడుచుకుని బయటికి చూస్తోంది. రంగురంగుల రెయిన్‌కోట్లు తొడుక్కుని స్కూటర్ల మీద పోయేవాళ్లు, దుకాణాల ముందు వేలాడదీసిన ఎండుమిరప దండలు, వేగుతున్న నల్ల టోఫు నుంచి వచ్చే ఘాటైన వాసన. ఆ పిల్లది ఇదే హునాన్‌లో మరో ఊరు. పది నెలల పసిగుడ్డుగా ఉన్నప్పుడు అమెరికా వెళ్లింది, మళ్లీ ఇప్పుడే ఈ నేల మీద అడుగుపెట్టింది. చెల్లెల్ని తీసుకెళ్లడానికి వచ్చింది.

బస్సులో మనం కూడా ఉన్నాం అనుకోండి. వెనక సీట్లలో అమ్మ, నాన్న, నాయనమ్మ. వీళ్లు మిన్నెసోటా నుంచి వచ్చారు. వీళ్ల పేర్లతో మనకు పనిలేదు. ఆ ఏళ్లలో వేల కుటుంబాలు ఇదే దారిన, ఇదే వరసలో వచ్చి వెళ్లాయి. వాళ్లందరి ప్రయాణాన్నీ కలిపి ఒక్క కుటుంబం కథగా చెబుతున్నాను. విదేశీయులు పిల్లల్ని దత్తత తీసుకోవడానికి 1992లో అమల్లోకి వచ్చిన చట్టంతో చైనా దారి తెరిచింది. నిరుడు, అంటే 2005లో, ఒక్క అమెరికాకే దాదాపు 7,900 మంది పిల్లలు వెళ్లారు. అందులో ఎక్కువమంది ఆడపిల్లలే. ఎందుకో మనకు వేరే చెప్పనక్కర్లేదు. ఇంటికి ఒక్కరే బిడ్డ అని సర్కారు పట్టుబట్టిన చోట, ఆ ఒక్కరూ కొడుకే కావాలని ఇంట్లో పెద్దలు పట్టుబట్టిన చోట, రెండు పట్టుదలల మధ్యా నలిగింది ఆడపిల్ల. ఆమెను కన్నతల్లి కూడా.

నాన్న చొక్కా కింద నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలో వంద డాలర్ల నోట్లున్నాయి. అనాథాశ్రమానికి విరాళంగా ఇవ్వాల్సిన 3,000 డాలర్లు అందులోవే. మడత పడినా, సిరా మరక ఉన్నా తీసుకోరని ముందే చెప్పారు కాబట్టి బ్యాంకులో అడిగి మరీ కొత్త నోట్లు తెచ్చుకున్నాడు. ఆ సంచిని మాటిమాటికీ తడుముకుంటున్నాడు. డబ్బు పోతుందన్న భయం కాదది. పోయిన నవంబరులో ఇదే ప్రావిన్స్‌లోని హెంగ్యాంగ్ ప్రాంతంలో అనాథాశ్రమాలు దళారుల దగ్గర పసిపిల్లల్ని కొన్నాయన్న కేసు బయటపడింది. కిందటి నెలలోనే కోర్టు శిక్షలు వేసింది. తమ పాప ఉన్న ఆశ్రమం పేరు ఆ కేసులో లేదు. అయినా ఆ వార్త చదివినప్పటి నుంచి ఆయనకు సరిగ్గా నిద్ర లేదు. ఆ దిగులు పడాల్సిందే అంటాను నేను. పడని తండ్రినైతే నేను నమ్మను.

గైడ్ ఫోను పెట్టేసి వెనక్కి తిరిగింది. చాంగ్షా అమ్మాయే, పాతికేళ్లుంటాయి. "పిల్లల బండి బయల్దేరిందట. నాలుగింటికల్లా వచ్చేస్తారు" అంది. అమ్మ ఒడిలో ఉన్న కాగితం మీద ప్రశ్నలు రాసున్నాయి. ఎన్నిసార్లు పాలు పడుతున్నారు? ఎటు తిరిగి పడుకుంటుంది? దేనికి నవ్వుతుంది? చదివిందే మళ్లీ చదువుతోంది.

పౌర వ్యవహారాల శాఖ ఆఫీసులో గోడ వారగా కుర్చీలు, మూల వేడినీళ్ల మిషను, గోడ మీద ఎర్ర జెండా. మరో ఆరేడు కుటుంబాలు అప్పటికే కూర్చుని ఉన్నాయి. ఎవరూ మాట్లాడటం లేదు. కెమెరాల మూతలు తీస్తున్నారు, పెడుతున్నారు. లిఫ్టు తలుపు తెరుచుకున్న ప్రతిసారీ అందరి తలలూ అటు తిరుగుతున్నాయి. రెండుసార్లు ఎవరో గుమాస్తాలు దిగారు. మూడోసారి ఏడుపులు వినిపించాయి.

ఆయమ్మలు వచ్చారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో బిడ్డ. దారి పొడవునా కుదుపుల్లో కూర్చుని వచ్చిన ముఖాలు, వానకు తడిసిన బూట్లు. గైడ్ పేరు చదివింది. ఆ ఆశ్రమంలో పిల్లలందరికీ ఇంటిపేరు ఒకటే. వెనకున్న రెండక్షరాలే ఈ పాపవి.

ఇక్కడ కాసేపు ఆగి దగ్గరికెళ్లి చూద్దాం. ఆయమ్మకు యాభై దాటి ఉంటాయి. చేతుల చర్మం సబ్బునీళ్లకు పగిలి, వేలి కణుపుల దగ్గర తెల్లగా చారలు తేలింది. పాప ఒంటి మీద పసుపుపచ్చ ఊలు చొక్కా, దాని కింద మరో మూడో నాలుగో పొరలు. చేతులు కిందికి దించలేనంత దట్టంగా తొడిగారు. ఊలు చొక్కాకు మూడు గుండీలుంటే మూడూ మూడు రంగులవి. ఊడినవాటిని ఎవరో ఓపిగ్గా వెతికి కుట్టారు. పాప కుడిచేతి పిడికిట్లో ఆయమ్మ కోటు కాలరు ఉంది. అమ్మ చేతులు చాపింది. ఆ పిడికిలి ఇంకా బిగుసుకుంది. ఆయమ్మ ఒక్కో వేలూ విడదీసింది. చిటికెనవేలు విడదీసేసరికి బొటనవేలు మళ్లీ ముడుచుకుంది. చివరికి ఆ చేతిని తన చెంపకు ఒకసారి ఆనించుకుని, బిడ్డను అమ్మ చేతుల్లో పెట్టింది.

పాప గది అదిరిపోయేలా ఏడ్చింది. ఊపిరి తిప్పుకోవడానికి ఆగి, మళ్లీ అందుకుంది. కొత్త ముఖాలు చూసి జడుసుకుందని ఎవరో అన్నారు. ఆ మాట నాకు నచ్చదు. పదకొండు నెలల బిడ్డకు తనవాళ్లెవరో తెలుసు. తనవాళ్లలో ఒకరు వెళ్లిపోతున్నారని కూడా తెలుసు. అందుకే ఏడ్చింది. ఏడవకుండా బొమ్మలా కూర్చుండిపోయిన బిడ్డను చూస్తేనే అనుభవమున్నవాళ్లు కంగారుపడతారు. ఇంతలా ఏడ్చిందంటే ఆ ఆశ్రమంలో ఎవరో ఈ పిల్లను ఎత్తుకున్నారు, జోకొట్టారు, పేరు పెట్టి పిలిచారు. ఆ మనిషి ఇక్కడే, లిఫ్టు పక్కన నిలబడి ముక్కు తుడుచుకుంటోంది. గదిలోని కెమెరాల్లో ఒక్కటీ ఆమె వైపు తిరగలేదు.

పెద్దపిల్ల ఒక్కతే ఆమె దగ్గరికి వెళ్లింది. ఏం మాట్లాడాలో తెలీదు, చైనీసు రాదు. ఆయమ్మ ఆ పిల్ల గడ్డం పట్టుకుని పరీక్షగా చూసింది. తర్వాత గైడ్‌ను పిలిచి గబగబా చెప్పుకుపోయింది. పాలు వేడిగా ఉండాలి, చల్లారితే ముట్టుకోదు. ఎడమ వైపుకు తిరిగి పడుకుంటుంది. నిద్రొచ్చే ముందు పక్కనున్నవాళ్ల చెవి పట్టుకుంటుంది, తీసేయకండి. అమ్మ కాగితంలోని ప్రశ్నలకు అడక్కుండానే జవాబులొచ్చాయి. చివర్న సంచిలోంచి ఒక కెమెరా తీసి ఇచ్చింది. కొన్ని నెలల కిందట పాపకు పంపిన పార్శిల్లో ఈ కుటుంబమే పెట్టిన, ఒక్కసారి వాడి పారేసే రకం కెమెరా. రీలు మొత్తం అయిపోయింది. పాపకు పన్ను వచ్చిన రోజో, పాకిన రోజో, ఎవరో గుర్తుంచుకుని నొక్కారు.

ఆ రాత్రి హోటల్లో ఎవరికీ అన్నం సహించలేదు. పాలసీసాకు తాము తెచ్చిన పీక పెడితే పాప విసిరికొట్టింది. ఆశ్రమం నుంచి వచ్చిన సీసాను నాయనమ్మ దీపం దగ్గర పెట్టి చూసింది. పీక కొసను కత్తెరతో పెద్దగా కత్తిరించారు. ఇంతమంది పిల్లలకు కొద్దిమంది ఆయమ్మలు పాలు పట్టాలంటే పాలు వేగంగా దిగాలి మరి. ఆ సీసాలోనే వేడివేడిగా పడితే గటగటా తాగేసింది. తర్వాత నిద్రమత్తులో చెయ్యి గాల్లో వెతికింది. నాయనమ్మ వంగి తన చెవిని అందించింది. మెడ పట్టేసినా లేవకుండా అలాగే ఉండిపోయింది.

మర్నాటి పని అంతా కాగితాలే. అధికారి ఎదురుగా కూర్చోబెట్టి అడిగాడు. ఈ బిడ్డను ఎందుకు తీసుకుంటున్నారు? చదివిస్తారా? ఎన్నటికీ వదిలేయమని, హింసించమని మాటిస్తారా? తల్లిదండ్రులు మాటిచ్చి వేలిముద్రలు వేశారు. పాప పాదానికి ఎర్రసిరా పూసి కాగితం మీద అద్దారు. సిరా తుడిచేలోపే అమ్మ తెల్లచొక్కా మీద మరో ముద్ర పడింది. ఆ చొక్కా ఉతకనంది. పాస్‌పోర్టు రావడానికి దాదాపు వారం. ఆ వారంలో షియాంగ్ నది ఒడ్డున తిరిగారు. వీధిలో ముసలమ్మలు ఆపి మరీ మందలించారు. పాప ప్యాంటు పైకి లేచి కాలు కనిపిస్తోందట, చలేస్తుందట. ఒకావిడైతే ఆగకుండా తనే వంగి కిందికి లాగి సర్ది వెళ్లింది. కొందరు బొటనవేలు పైకెత్తి, ఈ బిడ్డ అదృష్టవంతురాలన్నారు. అమ్మ నవ్వింది గానీ తలూపలేదు.

పాస్‌పోర్టు కోసం ఎదురుచూస్తుండగానే ఒక వ్యాను మాట్లాడుకుని పాప దొరికిన చోటికి వెళ్లారు. ఫైల్లో ఆ చోటు గురించి ఒకటే వాక్యం ఉంది. కూరగాయల మార్కెట్ గేటు దగ్గర, తెల్లవారుజామున. రెండు గంటల ప్రయాణం, రోడ్డుకు రెండు వైపులా పసుపుపచ్చగా విరగబూసిన ఆవచేలు. మార్కెట్ గేటు ఇనుపది, రంగు పోయి ఉంది. పక్కనే ఉడికించిన బన్నులు అమ్మే బండి, దాని నుంచి లేస్తున్న ఆవిరి.

చైనాలో బిడ్డను వదిలేయడం నేరం. చేతికిచ్చి, నేను పెంచలేనని చెప్పుకునే వీలు అప్పట్లో ఉండేది కాదు. కాబట్టి చీకట్లో రావాలి, ఎవరి కంటా పడకూడదు, కానీ బిడ్డ మాత్రం వెంటనే ఎవరి కంటనైనా పడాలి. అందుకే మార్కెట్లు, ఆస్పత్రి మెట్లు, రైల్వే స్టేషన్లు, పోలీసు ఠాణా గుమ్మాలు. ఈ గేటు తలుపు తీయడానికి ముందే బన్నుల బండి వస్తుందని, పొయ్యి వెలిగిస్తారని, ఆ వెలుగులో బిడ్డ ఉన్న గంప కనిపిస్తుందని ఆ తల్లికో తండ్రికో తెలిసే ఉండాలి. ఎక్కడో చాటున నిలబడి, ఎవరో ఎత్తుకున్నారని చూసుకున్నాకే వెళ్లి ఉండాలి. ఇది నా ఊహే. కానీ ఆ గేటు ముందు నిలబడ్డవాళ్లకు మరో ఊహ రాదు.

పెద్దపిల్ల గేటు ఫొటో తీసింది, బండి ఫొటో తీసింది. తర్వాత గైడ్ చెయ్యి పట్టుకుని అడిగింది. "చెల్లిని కన్నమ్మ ఇప్పుడు ఈ మార్కెట్లో కూరలు కొంటూ ఉండొచ్చా?"

గైడ్ వెంటనే బదులివ్వలేదు. అబద్ధం చెప్పాలనిపించలేదేమో. "ఉండొచ్చు" అంది.

"నన్ను కన్నమ్మ?"

ఈసారి అమ్మే దగ్గరికి వచ్చింది. "ఆమె ఈ ప్రావిన్స్‌లోనే ఎక్కడో ఉండి ఉంటుందమ్మా. నీకు కావాలనిపించిన రోజున వద్దాం, వెతుకుదాం" అంది. ఆ పిల్ల వెంటనే జనంలో ఒక్కో ఆడమనిషి ముఖంలోకీ చూడటం మొదలుపెట్టింది. ఈ మొత్తం ప్రయాణంలో నాకు కాళ్లు ఆడని చోటు ఇదే.

చాంగ్షా నుంచి గ్వాంగ్జౌ విమానంలో గంట ప్రయాణం. దత్తత పిల్లల వీసాలన్నీ అక్కడి అమెరికా కాన్సులేటే ఇచ్చేది కాబట్టి, ఏ ప్రావిన్స్‌లో బిడ్డను తీసుకున్నా చివరికి అందరూ అక్కడికే చేరాల్సి వచ్చేది. పెర్ల్ నది ఒడ్డున షామియాన్ దీవి, అక్కడ పాత మర్రిచెట్లు, 1983లో తెరిచిన వైట్ స్వాన్ హోటల్, దాని లాబీలో జలపాతం. ఏ వీధి చూసినా బిడ్డల బళ్లు తోసుకుంటూ వెళ్తున్న కుటుంబాలే. దుకాణాల నిండా పసిపిల్లల పట్టుగౌన్లు. పిల్లలందరినీ ఎర్రసోఫాలో వరసగా కూర్చోబెట్టి ఫొటో తీయడం అప్పట్లో ఇక్కడ ఆనవాయితీ. పదిమంది బిడ్డల్లో ఇద్దరు నవ్వారు, ఒకరు సోఫా మీద పక్కకు ఒరిగారు, మిగతావాళ్లు ఏడుస్తున్నారు.

ఆ సోఫాలో కూర్చున్నవాళ్లు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. 2024 సెప్టెంబరులో చైనా విదేశీ దత్తతలు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. దగ్గరి రక్తసంబంధీకుల పిల్లలకు, సవతి పిల్లలకు మాత్రమే మినహాయింపు. అప్పటికి 1,60,000 మందికి పైగా పిల్లలు దేశం దాటారు, అందులో సగానికి పైగా అమెరికాకు. తమకు కేటాయించిన బిడ్డ కోసం కోవిడ్ కాలం నుంచీ ఎదురుచూస్తున్న ఇళ్లలో సిద్ధం చేసిన గదులు ఖాళీగానే ఉండిపోయాయి. ఆ ఫొటోల్లోని అమ్మాయిల్లో కొందరు తిరిగి వస్తున్నారు. తాము దొరికిన ఊళ్లలో పోస్టర్లు అంటిస్తున్నారు, డీఎన్‌ఏ పరీక్షలు చేయించుకుంటున్నారు. అటునుంచి కన్నవాళ్లూ వెతుకుతున్నారు. ఫైల్లో రాసిన గేటు నిజం కాదని, కొందరు పిల్లల్ని ఇంట్లోంచి బలవంతంగా లాక్కెళ్లారని తేలిన కేసులున్నాయి. అవి చదివినప్పుడల్లా నాకు ఆ నాన్న నడుము సంచి గుర్తొస్తుంది. మంచి మనసుతో ఇచ్చిన డబ్బే మరెక్కడో చెడ్డపనికి ఎరగా మారింది. బిడ్డ నిజంగా ఇల్లు లేనిది కావచ్చు, కాకపోవచ్చు. ఆ సంగతి తేల్చుకునే హక్కు ఆ అమ్మాయిలది. వాళ్ల ఫైళ్లు ఆశ్రమాల బీరువాల్లో ఎందుకుండాలి?

మళ్లీ 2006కి వద్దాం. వైద్యపరీక్ష అయింది. కాన్సులేట్ హాల్లో అందరూ కుడిచేయి ఎత్తి, ఇచ్చిన వివరాలన్నీ నిజమని ప్రమాణం చేశారు. చంకలో బిడ్డలుండటంతో సగంమంది చేతులు సగమే లేచాయి. సీలు వేసిన కవరొకటి ఇచ్చి, ఎట్టి పరిస్థితిలోనూ విప్పొద్దన్నారు.

లాస్ ఏంజెలిస్‌లో దిగేసరికి నలుగురి కళ్లూ ఎర్రబడ్డాయి. అయిదోది మాత్రం హుషారుగా ఉంది. ఇమ్మిగ్రేషన్ అధికారి ఆ కవరు తీసుకుని, పాస్‌పోర్టులో ముద్ర కొట్టాడు. 2001లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం పాప ఆ క్షణం నుంచి అమెరికా పౌరురాలు. నాన్న కళ్లు తుడుచుకున్నాడు. పాపకు ఆకలేసింది, హాలంతా మారుమోగేలా ఏడుపు లంకించుకుంది. అమ్మ సంచిలో చెయ్యిపెట్టి కొత్త సీసా తీసింది. "అది కాదమ్మా, ఆయమ్మ ఇచ్చింది!" అని పెద్దపిల్ల గట్టిగా అరిచి, వేడినీళ్ల కోసం పరుగెత్తింది.