లండనును కాచిన అంచెలు

1944 జూన్ 13వ తేదీ తెల్లవారుజామున లండను తూర్పుభాగమున ఒక వింత విమానము కూలి ఆరుగురిని బలిగొనెను. అందులో పైలటు లేడు. జర్మనులు వి-1 అని పేరిడిన ఈ ఎగిరెడు బాంబు ఫ్రాన్సు తీరమునుండి బయలుదేరి, సుమారు 850 కిలోల ప్రేలుడు పదార్థమును మోసికొని, గంటకు 550 కిలోమీటర్ల వేగముతో వచ్చెడిది.

బ్రిటిషువారు ముందుగనే గగన రక్షణను అంచెలుగా ఏర్పరచి యుండిరి. సముద్రముపైన కొన్ని యుద్ధ విమానములు, తీరము దాటిన పిమ్మట మరికొన్ని. వానిని తప్పించుకొన్న బాంబుకై నార్త్ డౌన్స్ కొండలపై ఫిరంగులు. నగరపు వాకిట ఉక్కు త్రాళ్లతో కట్టి పైకి వదలిన బెలూన్లు. కాగితముపై ఇది చక్కని ఏర్పాటే.

ఆచరణలో మాత్రము అంచెకు అంచె అడ్డువచ్చెను. జొన్నచేనిలో ఒకడు మంచెపై వడిసెల త్రిప్పుచుండగా, రెండవవాడు పిట్టల వెంట చేనిలో పరుగిడిన ఏమగును? బాంబును తరుముచు పైలటు ఫిరంగుల మేరలోనికి వచ్చినపుడెల్ల, ఫిరంగులవారు కాల్పులు నిలుపవలసి వచ్చెడిది. పైగా శత్రువు రేడియో తరంగములతో చెరచునను భయమున రాడార్లను పల్లపు తావులలో నుంచిరి. అందుచే వాని చూపు కురచయయ్యెను.

బాంబు ఎగిరెడు ఎత్తును చిక్కే. తేలిక ఫిరంగులకు అది ఎక్కువ, భారీ ఫిరంగులకు తక్కువ. తక్కువ ఎత్తున వేగముగా పోవు వస్తువు యొక్క కోణవేగము అధికము. చేతితో త్రిప్పెడి ఫిరంగి దానిని అనుసరింపజాలదు. యంత్రశక్తితో తిరుగు ఫిరంగులు కలవు గాని, వానికి కాంక్రీటు పునాదులు కావలెను. రైలు పట్టాలను, స్లీపర్లను పేర్చి పునాదులు చేయుటతో ఆ చిక్కు తీరెను.

జూలై 13న గగన రక్షణాధిపతి రోడెరిక్ హిల్, ఫిరంగి దళాధిపతి ఫ్రెడెరిక్ పైల్ సమ్మతితో, ఫిరంగులన్నిటిని సముద్రతీరమునకు మార్ప నిశ్చయించెను. పై అధికారుల అనుమతికై ఆగలేదు. అందులకు తరువాత మాట పడెను. ఇరువది వేలకు మించిన స్త్రీపురుషులు సామగ్రితో కదలిరి. 17వ తేదీ ఉదయమునకు భారీ ఫిరంగులు తీరమున నిలిచెను. ఆ మేర ఫిరంగులదే. విమానములకు దానికి ముందు సముద్రము, వెనుక భూభాగము.

మొదట విమానముల విజయములు తగ్గినవి. హిల్ అది ఎరిగియే సాహసించెను. తీరమున రాడార్లకు అడ్డు లేదు. కూలిన బాంబులు గ్రామములపై గాక నీటిలో పడినవి. అమెరికానుండి వచ్చిన క్రొత్త రాడార్ లక్ష్యమును తనంతట తానే వెన్నాడెడిది. ఫిరంగిగుండు కొననున్న చిన్న రేడియో పరికరము తన తరంగములు బాంబునుండి తిరిగివచ్చుటను గ్రహించి, సమీపించినంతనే గుండును ప్రేల్చెడిది, తగులనక్కరయే లేదు. తీరమునకు మారిన మొదటి వారమున ఫిరంగులు తమ మేరలోనికి వచ్చిన బాంబులలో నూటికి 17 కూల్చగా, ఆగస్టు చివరకు 74 కూల్చెను.

సెప్టెంబరు మొదటి దినములలో ఫ్రాన్సు తీరమందలి ప్రయోగస్థానములు మిత్రరాజ్యముల వశమైనవి. ఆ నెల 8వ తేదీననే లండనుపై తొలి వి-2 రాకెట్టు పడెను. అది ధ్వనికంటె వేగముగా వచ్చునది. దాని మ్రోత వినబడుట అది పడిన తరువాతనే. ఈ అంచెలలో ఏదియు దాని నాపజాలకపోయెను.