హోప్ ఐలాండ్

కాకినాడకు ఎదురుగా సముద్రంలో సన్నగా సాగిన ఇసుక దీవి హోప్ ఐలాండ్. చిన్న జాలరి పల్లె, సరుగుడు చెట్లు, ఓడలు రేవులోకి మళ్లే దారిని చూస్తుండే ఉత్తరపు కొస గోదావరి పాయింట్, చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక ఒడ్డు: ఇక్కడి ఆనవాళ్లు ఇవే. దీన్ని కోనసీమ లంకలతో ఒకే గాటన కట్టకూడదు. లంక నది నడుమ ఒండ్రు పేరుకుని లేచిన నేల, అక్కడ అరటి పండుతుంది. ఈ దీవిని కట్టింది సముద్రం. గోదావరి పాయలు కుమ్మరించిన ఇసుకను అలలు దక్షిణం నుంచి ఉత్తరానికి నెట్టుకుంటూ పోగా, సుమారు 200 ఏళ్లలో 16 కిలోమీటర్ల పొడవున తోకకప్ప ఆకారంలో మేట వేసింది. గోదావరి సీమలో ఊరూరా వినిపించే స్థలపురాణం అల్లుకునేంత వయసు ఈ నేలకు లేదు.

తుఫాను అలలను తాను కాచుకుని కాకినాడను కాపాడుతుంది గనకే దీనికి ఆ పేరు వచ్చిందంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. 1789లో, 1839లో ఉప్పెనలు పక్కనున్న కోరంగి రేవును ముంచెత్తేనాటికి ఈ మేట ఇంత సాగలేదు. 1996 నవంబరు 6 తుఫానులో ఘోరంగా దెబ్బతిన్న భైరవపాలెం, బలుసుతిప్ప అనే తీర గ్రామాలకు ఇలాంటి అడ్డు లేదు. ప్రతి తుఫాను దారీ వేరు కాబట్టి ఈ పోలికను మరీ సాగదీయలేం. పైగా ఈ రక్షణ ఊరికే రాలేదు. దీవి చాటున అలలు తగ్గితే ఒండ్రు అడుగుకు దిగుతుంది, నీళ్ల లోతు తగ్గుతుంది. కాకినాడలో పెద్ద ఓడలు దూరాన లంగరేసుకుంటే సరుకు బార్జీల మీద చేరవేయాల్సి వచ్చింది. లోతు నీటి రేవు 1997లో గానీ పని మొదలుపెట్టలేదు.

అసలు చిక్కు కాకినాడకు ఉత్తరాన, ఒడ్డు కోసుకుపోతున్న ఉప్పాడ ఊళ్లో ఉంది. ఉత్తరానికి పోవలసిన ఇసుకలో కొంత దీవి దగ్గరే ఆగిపోతుంది. దాని కొస చుట్టూ వంగిన అలల బలం ఉప్పాడ ఒడ్డున పోగవుతుందని తీరాన్ని పరిశీలించినవారు చెబుతారు. నేరం దీవిది కాదు, ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది మొదలు ఎగువన కట్టిన కట్టడాలే ఒండ్రును ఆపేస్తున్నాయనే వాదన ఉంది. అది సబబైనదే. కానీ కారణం అదొక్కటే అయితే తీరమంతా ఇంచుమించు ఒకే తీరున కోసుకుపోవాలి. మొత్తం మీద ఇసుక ఎంత తగ్గాలో ఎగువ కట్టడాలు తేలుస్తున్నాయి. ఆ కోత ఎవరి గుమ్మం ముందు పడాలో తేల్చడంలో దీవికీ చెయ్యి ఉంది. కాకినాడ నుంచి ఉప్పాడ, కోనపాపపేటల మీదుగా తుని వైపు సాగే తీరపు రోడ్డు గట్టి తుఫాను వస్తే ఉప్పాడ దగ్గరే తెగుతుంది. అక్కడ మళ్లీ రాళ్లు పేరుస్తారు.