పని తీరినను విడువని పట్టు

నెల్లూరు తీరమున సూళ్లూరుపేటనుండి తూర్పుగా, పులికాటు సరస్సు నడుమనుండి సాగు బాటవెంట వెళ్ళినచో శ్రీహరికోట చేరుదుము. ఒకవైపు సరస్సు, మఱొకవైపు బంగాళాఖాతము, నడుమ పొడవాటి దీవి. 1969లో మన శాస్త్రజ్ఞులు రాకెట్టు ప్రయోగములకై ఈ దీవిని ఎన్నుకొనిరి. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అను చిన్న రాకెట్టు ఇచ్చటినుండి పైకెగసినది. చిరకాలము నెల్లూరు జిల్లాకు చెందిన ఈ దీవి, 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజన వలన తిరుపతి జిల్లాలో చేరినది.

నేటి మా ప్రసంగమునకు విషయము రాకెట్టు కాదు. గణనయంత్రములను, అనగా కంప్యూటర్లను, లోలోపల తినివేయు ఒక సూక్ష్మదోషము. దానికి నిపుణులు ‘మెమరీ లీకు’ అని పేరుపెట్టిరి. అయితే కంటికి కనబడని ఈ లీకును అర్థము చేసికొనుటకు, ఈ తీరముననే జరిగిన నిజమైన లీకు నొకదానిని ముందుగా తలచుకొనుట మేలు.

1979 ఆగస్టు 10వ తేదీ ఉదయము 7 గంటల 58 నిమిషములకు ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు శ్రీహరికోటనుండి లేచినది. దాని యెత్తు సుమారు 23 మీటర్లు, బరువు 17 టన్నులు. మొదటి దశ చక్కగా పనిచేసినది. రెండవ దశలో రాకెట్టు అదుపు తప్పి, 317 సెకండ్లకు ప్రయాణము ముగిసి, సముద్రమున పడిపోయినది. కారణమేమి? రెండవ దశను అదుపుచేయుటకు ఎఱ్ఱని పొగలు చిమ్ము నైట్రిక్ ఆమ్లము కావలెను. ప్రయోగమునకు 8 నిమిషములు ముందు పరీక్షార్థమై ఒక కవాటమును తెఱచుట జరిగినది. పని తీరిన పిమ్మట అది మూసికొనవలసియుండెను. కాని దానిలో కల్మషము చేరుటచే అది మూసికొనలేదు. నేలమీద నున్నంతసేపు ఆమ్లము కారిపోయినది. పైకి వెళ్ళిన పిదప, అవసరమైన వేళకు, అది మిగులలేదు. ఈ సంగతిని నిపుణులు రాకెట్టు పంపిన లెక్కలనుండి వెనుకకు నడచి కనుగొనిరి. మరుసటి సంవత్సరము 1980 జూలై 18న అదే తీరమునుండి ఎస్.ఎల్.వి.-3 రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది.

ఈ కథలో గమనింపదగిన అంశము లొకటి రెండు కలవు. కవాటమును తెఱచుట తప్పు కాదు. తెఱచినదానిని మూయకపోవుట తప్పు. అదియుగాక, దోషము పుట్టిన చోటు వేఱు, నష్టము కనబడిన చోటు వేఱు. దోషము నేలమీద; నష్టము ఆకాశమున. గణనయంత్రములోని లీకునకును ఈ రెండు లక్షణములే కలవు.

గణనయంత్రము యొక్క జ్ఞాపకస్థలము ఒక పెద్ద ఆయకట్టు వంటిది. దానిలో పనిచేయు ప్రోగ్రాము ఒక రైతు. తనకు కావలసినంత మేర భూమిని కౌలునకు తీసికొని, దానిలో తన లెక్కలను సాగుచేసికొని, పంట యింటికి చేరగానే భూమిని తిరిగి అప్పగింపవలెను. ఆ భూమి హద్దులు తెలుపు కౌలుపత్రమును ప్రోగ్రాము ఒక పేరుగల పెట్టెలో దాచుకొనును. ఆ పెట్టెకే ‘వేరియబుల్’ లేక చరరాశి యని పేరు. ఆ పత్రమే ‘రిఫరెన్సు’. పంట కోసిన తరువాతకూడ ఏదో యొక పెట్టె అడుగున ఆ పత్రము మిగిలియున్నచో, ఆ భూమి ఇంకను సాగులో నున్నదనియే యంత్రము భావించును, మఱొకరి కియ్యదు. ఒక్క కుంట యిట్లు చిక్కుబడిన ఎవరికిని తెలియదు. దినమునకు వేయి కుంటలు చిక్కుబడినచో, ఒకనాటికి ఆయకట్టంతయు బీడుపడి, క్రొత్త రైతునకు గోచిపాతంత నేలయైనను దొరకదు. అప్పుడు యంత్రము మందగించి, తుదకు నిలిచిపోవును.

తొలిదినములలో భూమిని తిరిగి అప్పగించు బాధ్యత అంతయు ప్రోగ్రాము వ్రాయువానిదే. మానవుడు మఱచును గదా! ఈ బాధ్యతను యంత్రమునకే అప్పగింపవచ్చునని చూపినవాడు అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున నున్న జాన్ మెకార్థీ. ఆయన లిస్ప్ అను ప్రోగ్రాము భాషను నిర్మించుచు, 1960లో ప్రకటించిన వ్యాసమున ఒక పద్ధతిని వివరించెను. యంత్రము ముఖ్యమైన పెట్టెలనుండి బయలుదేరి, వానిలోని పత్రములు చూపు ప్రతి భూమికిని ఒక గుర్తు పెట్టుకొనుచు పోవును. ఏ గుర్తును పడని భూమి యెవరికిని అక్కరలేనిదని తీర్మానించి స్వాధీనము చేసికొనును. దీనికి ‘గార్బేజ్ కలెక్షన్’, అనగా చెత్త యెత్తుట, అను పేరు స్థిరపడినది. ఒక బహిరంగ ప్రదర్శనలో ఉన్నట్టుండి ఈ చెత్త యెత్తు పని మొదలై, దాని లెక్కల నన్నిటిని టైపుయంత్రము తీరికగా అచ్చువేయుచు ప్రదర్శనకాల మంతయు హరింపగా, లిస్ప్ బృందమువారు నవ్వాపుకొనలేకపోయిరని మెకార్థీయే తరువాత వ్రాసెను.

ఈ మెకార్థీవద్దనే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున పరిశోధన చేసి 1966లో డాక్టరు పట్టమందినవాడు మన తెలుగువాడైన దబ్బల రాజగోపాలరెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరున 1937లో జన్మించిన ఈయనను లోకము రాజ్ రెడ్డి యని యెఱుగును. 1994లో గణనశాస్త్రమునందలి అత్యున్నత పురస్కారమైన ట్యూరింగ్ బహుమానమును ఆయన పొందెను.

అదే 1960లో జార్జి కాలిన్స్ వేఱొక త్రోవ చూపెను. ప్రతి భూమికిని ఎన్ని పత్రములు చలామణిలో నున్నవో లెక్క వ్రాసికొనుచు, ఆ లెక్క సున్న కాగానే భూమిని స్వాధీనము చేసికొనుట ఆయన పద్ధతి. చూచుటకు ముచ్చటగా నున్న ఈ పద్ధతిలో ఒక లోపమున్నదని హెరాల్డ్ మెక్‌బెత్ 1963లో ఎత్తిచూపెను. రెండు లెక్కలు ఒకదాని పత్రము నొకటి పట్టుకొని కూర్చున్నచో, బయటివా రెవ్వరికిని వానితో పనిలేకున్నను, ఆ లెక్క సున్న కానేకాదు. ఒకరికొకరు జామీను నిలిచిన ఇద్దరు దివాలాకోరుల వలె అవి నిలిచిపోవును.

మెకార్థీ పద్ధతికి ఈ చిక్కు లేదు. కాని దానికిని ఒక హద్దు కలదు. మా ప్రసంగమునకు ఇదియే కీలకము. యంత్రము ‘దీనిని ఎవరైన పట్టుకొనియున్నారా?’ అని చూడగలదే గాని, ‘దీనితో ఎవరికైన పనియున్నదా?’ అని తెలిసికొనలేదు. అవసరమెఱుగుట మానవుని వంతు.

ఈ దోషము ప్రాణములమీదికే రాగలదని లండను నగరము 1992లో తెలిసికొనినది. ఆ నగర అంబులెన్సు సంస్థ 1992 అక్టోబరు 26న బండ్లను పంపు పనిని క్రొత్త కంప్యూటరు ఏర్పాటునకు అప్పగించెను. మొదటి రెండు దినములలోనే పని తలక్రిందులైనది. అది వేఱు కథ. నవంబరు 4న, అర్ధరాత్రి దాటి రెండు గంటలైన కొంతసేపటికి, యంత్రము మందగించి పూర్తిగా నిలిచిపోయినది. ఉద్యోగులు మరల కాగితము, కలము చేపట్టిరి. విచారణలో తేలిన కారణ మిది: సుమారు మూడు వారములకు ముందు ఒక ప్రోగ్రామరు మార్పులు చేయుచు తీసివేయక విడిచిన కొద్దిపాటి వ్రాత. ఒక్కొక్క బండిని పంపినప్పుడెల్ల అది కొంచెము జ్ఞాపకస్థలము తీసికొని, తిరిగి యియ్యలేదు. ఒక బండికి అది లెక్కకు రానిది. మూడు వారముల బండ్లకు అదియే సర్వనాశనము. సాధారణమైన పరీక్షలలో ఇది బయటపడియుండెడిది కాదని విచారణ సంఘమే అభిప్రాయపడెను.

భూమిపై నున్న యంత్రమును చేతితో తాకవచ్చును. అంగారక గ్రహముపై నున్నదాని నేమి చేయుదుము? 2004 జనవరిలో అచ్చట దిగిన స్పిరిట్ అను అమెరికా శోధకశకటము, పదునెనిమిదవ దినమున పలుకుట మానినది. అది తనంతట తాను నిలిచిపోవుచు, మరల మొదలగుచు, ఇట్లు అరువదికి పైగా పర్యాయములు తిరుగుడుపడినది. ప్రయాణకాలమునుండి పేరుకొనిన ఫైళ్ళ పట్టికయే దీనికి మూలము. ఫైలును తుడిచివేసినను పట్టికలో దాని పంక్తి మిగిలియుండి, ఆ పట్టిక ఎన్నడును తఱుగలేదు. యంత్రము లేచినప్పుడెల్ల ఆ పట్టిక నంతయు తలకెత్తుకొనజూచి, స్థలము చాలక కూలిపోవుచుండెను. శాస్త్రజ్ఞులు పట్టికను ముట్టకుండ లేచునట్లు ఆజ్ఞలు పంపి, అక్కరలేని ఫైళ్ళను తొలగించిరి. ఆ శకటము పిమ్మట 2010వరకు పనిచేసినది.

ఇక మిగిలిపోయిన పత్రమునకు అచ్చమైన ఉదాహరణము ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ విద్యార్థుల మోటారుబండి. డ్రైవరు లేకుండ మోహావే యెడారిలో సాగు పందెమున అది 2005 అక్టోబరు 8న పాల్గొనినది. దారిలోని అడ్డంకులను గుర్తించుట, దాటిన పిమ్మట వానిని జాబితానుండి కొట్టివేయుట దాని పని. కొట్టివేసిన అడ్డంకులను చెత్త యెత్తు యంత్రాంగము తీసికొనిపోవునని విద్యార్థులు నమ్మిరి. కాని బండి కదలిక వార్త అందవలసినవారి చిట్టాలో ఆ అడ్డంకుల పేర్లు ఇంకను మిగిలియుండెను. ఒక జాబితాలో చచ్చినవి రెండవ జాబితాలో బ్రతికియున్నవి! దాటిన ప్రతి పొదయు, ప్రతి బండయు యంత్రమునకు మోయరాని బరువైనది. బండి సుమారు తొమ్మిది మైళ్ళు పోయి నిలిచినది. పందెము ముగిసిన తరువాత, జ్ఞాపకస్థలమును తఱచిచూచు సాధనముతో విద్యార్థులు ఆ చిట్టాను కనుగొనిరి. దోషమును సరిదిద్దుటకు ఒక్క పంక్తి చాలినది.

మఱి ఇట్టి పత్రమును వెదకిపట్టు విధానమేమి? అది మన గుమాస్తాలు లెక్క తనిఖీ చేయు విధానమే. ముందుగా ఒక వేళ జ్ఞాపకస్థల మంతటికిని జాబితా వ్రాయవలెను. ఒకే పనిని పలుమాఱులు చేయించి, తిరిగి జాబితా వ్రాయవలెను. రెంటిని సరిపోల్చి, పనితోపాటు పెరిగి, పని ముగిసినను తఱుగనిది ఏదో గుర్తింపవలెను. అది ఎచ్చట పుట్టెనని అడుగుటతో సరిపోదు. ‘దీనిని పట్టుకొనినవా రెవరు? వారిని పట్టుకొనినవా రెవరు?’ అని మొదటి పెట్టెవరకు మెట్టుమెట్టుగా వెనుకకు నడువవలెను. పత్రములు తఱచుగా దాగు చోట్లును అనుభవజ్ఞులకు తెలిసినవే: ప్రోగ్రాము ఆద్యంతము బ్రతికియుండు చరరాశులు, మరల పనికివచ్చునని దాచిన నిలువలు, ఆపుట మఱచిన గడియారములు, వార్త కోరినవారి చిట్టాలు. ఆ పత్రమును ఒక్కదానిని చింపివేసి, మరల మొదటి పరీక్షయే చేసి, పెరుగుదల ఆగినదని రూఢిపఱచుకొనిన నాడు వెదకులాట ముగిసినట్లు.

ఇంత శ్రమ యెందులకు, యంత్రమును ఒకసారి ఆపి మరల నడిపించిన చాలదా యని కొందఱందురు. చాలునన్నట్లే తోచును; జ్ఞాపకస్థల మంతయు ఒక్కసారిగా ఖాళీయగును. కాని పత్రము వ్రాయు చేయి అచ్చటనే యున్నది. మరునాటినుండి లెక్క మరల మొదలగును. పైగా ఆపుటకు వీలులేని వేళలు కొన్ని కలవు. 1989 నవంబరులో కావలి సమీపమున తీరము దాటిన తుపానును నెల్లూరు జిల్లావాసులు మఱవలేరు. అట్టి తుపానులను కనిపెట్టుటకై నేడు శ్రీహరికోటలో డాప్లర్ రాడారు కలదు. వాయుగుండము సముద్రముపై తిరుగునంత కాలము అట్టి యంత్రములును, వాని లెక్కలు కట్టు కంప్యూటర్లును రాత్రింబవళ్ళు మేలుకొని యుండవలెను. పడవలను ఒడ్డునకు లాగవలెనో లేదో ఆ లెక్కలను బట్టి తెలియును. ఆ రాత్రి యంత్రము నిలిచిపోకుండుటకు, ఎండకాసిన నాడే ఎవరో ఒకరు ఓపికతో కూర్చుండి, పని తీరినను విడువని పట్టు ఎచ్చటనున్నదో వెదకి విడిపించియుండవలెను.