బరిలో డబ్బు ఆగితేనే

నిడదవోలు చుట్టూ సంక్రాంతి కోడిపందేలు 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కిందా, 1974 నాటి గేమింగ్ చట్టం కిందా నేరమే. 2016 డిసెంబరులో హైకోర్టు కూడా ఆపమంది. అయినా గోదావరి డెల్టాలో ఏటా బరులు వెలుస్తున్నాయి. పోలీసులు కోడికత్తులు స్వాధీనం చేసుకున్నా, బరిని నడిపే పందెం డబ్బు ఆగడం లేదు. పందేన్నీ డబ్బునూ కలిపి ఆపితే ఫలితం ఉంటుందని అమెరికాలోని ఫ్లోరిడా చూపింది: అక్కడి ఓటర్లు 2018లో గ్రేహౌండ్ కుక్కల పందేలనూ, వాటిపై బెట్టింగునూ కలిపే రద్దు చేశారు. 2020 ముగిసేసరికి పరుగులు ఆగాయి.

కోడిపందెం పల్నాటి యుద్ధం నాటి సంప్రదాయం కదా అంటారు. ఆ కథలోనే కోడిపందెంలో ఓటమి బ్రహ్మనాయుడి పక్షాన్ని వలసకూ, చివరికి యుద్ధానికీ నెట్టింది. పుంజులు మేపి బతికేవారి నష్టం మాత్రం నిజం. వారికి మేలుజాతి అసీల్ పెంపకంలో దారి చూపుతూ బెట్టింగును అరికడితేనే నిషేధం న్యాయమవుతుంది, నిలుస్తుంది.