శ్రీరాంసింగు: ఏడవ స్థానము, నలువది రెండేండ్ల కీర్తి

పందెమున గెలిచినవానిని లోకము తలచును. ఏడవవాడుగా వచ్చినవానిని తలచుట అరుదు. అయినను 1976వ సంవత్సరమున మాంట్రియాలు ఒలింపిక్ క్రీడలలో ఏడవ స్థానము పొందిన ఒక భారతీయుని పరుగు మన దేశపు క్రీడాచరిత్రలో ఇంచుమించు నలువది రెండేండ్లు చెక్కుచెదరక నిలిచినది. ఆ పరుగు శ్రీరాంసింగుది.

శ్రీరాంసింగు రాజస్థానమునకు చెందినవాడు. యౌవనమున సైన్యమునందలి రాజపుతానా రైఫిల్సు దళమున చేరెను. అచట ఆతనికి లభించిన గురువు ఇలియాస్ బాబర్. దూరపు పరుగులయందు మనసు నిలిపిన ఈ సైనికుని 400, 800 మీటర్ల పరుగులకు మరల్చినది ఆయనయే. ఆ మలుపే శిష్యుని జీవితమును తీర్చిదిద్దెను.

800 మీటర్లనగా పరుగుబాటపై రెండు చుట్లు. చూచుటకు ఇది చిన్న పందెమే. ఓర్చుటకు మాత్రము మిక్కిలి కఠినమైనది. 100 మీటర్ల పందెమునందువలె తుదిదాక పూర్ణవేగముతో దూకుటకు వీలులేదు. క్రోసుల కొలది పరుగునందువలె నెమ్మదిగా పోవుటకును వీలులేదు. అందును ముందు నడచువాని పాట్లు వేరు. గాలిని చీల్చువాడు ఆతడే, వేగమును నిర్ణయించువాడును ఆతడే. వెనుకనున్నవారు ఆతని మాటున శక్తిని కాపాడుకొని, చివర దాటిపోవుదురు.

1970లో బాంకాకు ఆసియా క్రీడలలో శ్రీరాంసింగు రజత పతకము గెలిచెను. 1972లో మ్యూనిక్ ఒలింపిక్ క్రీడలలో తొలి దశనే దాటలేకపోయెను. ఆ పరాజయముతో ఆతడు క్రుంగిపోలేదు. 1973లో అర్జున పురస్కారమును, 1974లో పద్మశ్రీ బిరుదమును పొందెను. ఆ 1974లోనే టెహరాను ఆసియా క్రీడలలో స్వర్ణ పతకము ఆతని వశమయ్యెను.

అటుపిమ్మట మాంట్రియాలు. తొలి దశలోనే 1 నిమిషము 45.86 సెకండ్లలో పరుగు ముగించి, క్రమముగా తుది పందెమునకు అర్హత సంపాదించెను. జూలై 25వ తేదీన ఎనమండుగురు బరిలో నిలిచిరి. వారిలో క్యూబా దేశీయుడు ఆల్బెర్టో హ్వాంటొరేనా, బెల్జియము దేశీయుడు ఈవో వాన్ డామ్, అమెరికా దేశీయుడు రిక్ వోల్‌హ్యూటర్ మొదలగు మేటివీరులుండిరి. శ్రీరాంసింగు వెనుక నక్కి యుండక, తానే ముందునకు దూకెను. తొలి చుట్టును 50.85 సెకండ్లలో ముగించి, అందరికంటె ముందుండెను.

రెండవ చుట్టులో హ్వాంటొరేనా ఆతనిని దాటెను. తక్కినవారును ఒకరి వెంట నొకరు దాటిరి. హ్వాంటొరేనా 1 నిమిషము 43.50 సెకండ్లలో గమ్యము చేరి నూతన ప్రపంచ రికార్డు నెలకొల్పెను. శ్రీరాంసింగు 1 నిమిషము 45.77 సెకండ్లతో ఏడవవాడయ్యెను. ఆరవవానికిని ఆతనికిని నడుమ భేదము సెకండులో నూరింట రెండు వంతులు మాత్రమే.

తొలి చుట్టున కొంత శక్తిని దాచుకొనియున్నచో ఇంకొక స్థానము మెరుగుపడియుండెడిదని యెవరైన అనవచ్చును. కాని అంత వేగముగా బయలుదేరకున్నచో ఆతడు తన జీవితమందెల్ల శ్రేష్ఠమైన కాలమును సాధించియుండెడివాడా యనునది ప్రశ్న. ప్రపంచ రికార్డునకు దారితీసిన తొలి చుట్టు వేగము ఆతడు నిర్ణయించినదే యనుటకు నాటి గడియారమే సాక్షి.

1978లో బాంకాకున శ్రీరాంసింగు ఆసియా స్వర్ణమును మరల గెలిచి, దానిని నిలుపుకొనెను. 1980లో మాస్కో ఒలింపిక్ క్రీడలలోను పాల్గొనెను. ఆతడు పరుగు మానిన పిదప ఎందరో యువకులు మేలైన బాటలపై, మేలైన పాదరక్షలతో పరుగెత్తిరి, అయినను 45.77 అను అంకె కదలలేదు. తుదకు 2018 జూనులో గౌహతియందు కేరళీయుడు జిన్సన్ జాన్సన్ 1 నిమిషము 45.65 సెకండ్లలో పరుగెత్తి దానిని దాటెను. ఆ దాటిన మేర సెకండులో నూరింట పండ్రెండు వంతులు. అంత స్వల్పమైన దూరము గడచుటకు దేశమునకు ఇంచుమించు నలువది రెండేండ్లు పట్టినది. ఏడవ స్థానము విలువ ఎంతయో ఆ యేండ్లే చెప్పుచున్నవి.