మంచు మాట, వాన లెక్క

పింఛను సవరణలు, వైద్య ఖర్చుల రీయింబర్సుమెంటు కాకుండా ఈ ప్రత్యేక సంచికకు వేరే ఏదైనా రాయమని కార్యవర్గ మిత్రులు కోరారు. మన సభ్యులు నలుగురు చేరినచోట కరువు భత్యం తరువాత ఎక్కువగా నలిగేది వాతావరణమే కనుక దానినే ఎంచుకున్నాను. ఏటా ధనుర్మాసం వచ్చేసరికి లంబసింగిలో సున్నా డిగ్రీలని పత్రికల్లో పడుతుంది. వెంటనే తిరువూరు బెంచీల మీద రెండు ప్రశ్నలు లేస్తాయి. మనవైపు ఎప్పటికైనా మంచు కురుస్తుందా అన్నది ఒకటి. మన చిన్నతనంలో చలి ఇంతకంటే ఎక్కువగా ఉండేదా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు సులువే. రెండోది తేల్చాలంటే రికార్డు కావాలి. మన దేశంలో ఆ రికార్డులు ఎట్లా పుట్టాయో, వాటిలో ఏది రాశారో, ఏది రాయలేదో నాకు తెలిసినంతలో మనవి చేస్తాను.

ముందుగా మాట సంగతి చూద్దాం. మనకు గడ్డిపరక మీద నిలిచే నీటిబొట్టూ మంచే, తెల్లవారుజామున రోడ్డు కనబడకుండా కమ్మేదీ మంచే, హిమాలయాల మీద పేరుకున్నదీ మంచే. చివరికి మామిడి పూతను పీల్చి ఆకుల మీద జిగురు కార్చే పురుగు కూడా తేనెమంచు పురుగే. ఇంగ్లీషులో వీటన్నిటికీ వేర్వేరు మాటలున్నాయి. అమెరికాలో ఉన్న మనవడు ఫోనులో "ఇక్కడ మంచు పడుతోంది తాతయ్యా" అంటే, "ఇక్కడా పడుతోందిరా, మామిడి పూత మాడిపోతోంది" అని తాతగారు బదులిస్తారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. లంబసింగి విషయంలో వచ్చే తికమకలో సగం ఈ మాట వల్లనే.

లంబసింగి చింతపల్లి మండలంలో ఉంది. వెనుక విశాఖ జిల్లా, 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. దానికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. బయట నిలబడితే కర్రలాగా బిగుసుకుపోతారని దాని అర్థం చెబుతారు. అక్కడ కొన్ని ఉదయాలు గడ్డి మీద తెల్లటి పొర కనిపించే మాట నిజమే. అయితే అది ఆకాశం నుంచి రాలింది కాదు. మబ్బులేని రాత్రి నేల తన వేడిని పైకి వదిలేసి చల్లబడుతుంది. చల్లని గాలి బరువు కనుక లోయలోకి జారి నిలుస్తుంది. గడ్డి మీది తేమ అక్కడికక్కడే గడ్డకడుతుంది. వాతావరణ శాఖవారు ఉష్ణోగ్రత కొలిచేది నేల మీద కాదు, సుమారు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడే సందులున్న తెల్లరంగు కొయ్యపెట్టెలో. (ఆ పెట్టెను రూపొందించిన థామస్ స్టీవెన్సన్ లైట్‌హౌసుల ఇంజనీరు. 'ట్రెజర్ ఐలాండ్' నవల రాసిన స్టీవెన్సన్‌కు తండ్రి.) పెట్టెలో రెండు మూడు డిగ్రీలున్న ఉదయాన కూడా గడ్డి దగ్గర సున్నాకు దిగవచ్చు. కనుక పత్రికల వారి సున్నా ఎక్కడ, దేనితో కొలిచినదో అడగకుండా ఒప్పుకోవడం గానీ కొట్టిపారేయడం గానీ తగదు.

నిజమైన హిమపాతానికి రెండూ ఒకేసారి కుదరాలి: పైన మబ్బు, కిందిదాకా గడ్డకట్టే చలి. మనకు చలి బాగా పడేది మబ్బు లేనప్పుడే. మబ్బు పట్టిందంటే అది నేలకు దుప్పటి కప్పినట్టై చలి తగ్గిపోతుంది. పైగా మన ప్రాంతంలో గాలి సున్నా డిగ్రీలకు చేరే ఎత్తు నాలుగున్నర, ఐదు కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. తూర్పు కనుమల్లో మన రాష్ట్రపు ఎత్తయిన శిఖరం జిందగడ 1,700 మీటర్ల లోపే. నీలగిరుల్లో 2,637 మీటర్ల దొడ్డబెట్ట మీదనే గడ్డకట్టిన తెల్లపొరతో సరిపెట్టుకుంటారు. హైదరాబాదులో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరి 8న 6.1 డిగ్రీలు. ఇక తిరువూరు మీద మంచు కురవడమన్నది పందెం కాయదగిన విషయం కాదు.

ఆకాశం నుంచి మనకు రాలే గడ్డలు వడగళ్లే. అవి చలికాలంలో కాదు, ఎండలు ముదిరేటప్పుడు వస్తాయి. 1939 మార్చిలో హైదరాబాదు సంస్థానంలో మూడు కిలోలు దాటిన వడగల్లు పడిందని రికార్డు పుస్తకాల్లో కనిపిస్తుంది గాని శాస్త్రజ్ఞులు దాన్ని పూర్తిగా నమ్మలేదు. ప్రపంచంలో ఆమోదం పొందిన బరువైన వడగల్లు 1986 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్‌లోని గోపాల్‌గంజ్‌లో పడింది. అది సుమారు ఒక కిలో.

ఇక రికార్డుల కథ. మన దేశంలో వాతావరణాన్ని పరికరాలతో క్రమంగా కొలిచి రాయడం మద్రాసు నక్షత్రశాలలో మొదలైంది. 1792లో ఆ నక్షత్రశాలను నిలబెట్టినవాడు మైకేల్ టాపింగ్. ఆయన మన కృష్ణా జిల్లాకు పరాయివాడు కాదు. కృష్ణా, గోదావరి నీళ్లను పొలాలకు మళ్లించే అవకాశం ఉందేమోనని ఈ ప్రాంతమంతా సర్వే చేశాడు. 1796లో మచిలీపట్నంలో జ్వరంతో చనిపోయాడు. ఆయన తరువాత వచ్చిన గోల్డింగ్‌హామ్ అదే ఏడాది నుంచి వాతావరణ పరిశీలనలు క్రమంగా రాయించాడు.

తెలుగువారు ఇందులో వెనుకబడలేదు. గోడే వెంకట జగ్గారావు గారు 1840లో విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో నక్షత్రశాల పెట్టించారు. వారి అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు డిప్యూటీ కలెక్టరుగా పనిచేసినవారు. ఆ ఉద్యోగం వదులుకుని మామగారి నక్షత్రశాలను చూసుకున్నారు. 1868 సూర్యగ్రహణాన్ని, 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని పరిశీలించారు, దానితోపాటు వాతావరణం లెక్కలూ రాశారు. 1892లో చనిపోయేవరకు ఆ పని సాగింది. డిప్యూటీ కలెక్టరు పదవి మానుకుని గాలి దిశ రాసుకుంటూ కూర్చోవడమంటే ఆ రోజుల్లో బంధువులు ఏమనుకుని ఉంటారో మన ఊహకే వదిలేస్తాను.

ప్రభుత్వానికి మాత్రం ఈ సరదా లేదు. దెబ్బ తగిలిన తరువాతే దానికి లెక్క గుర్తుకొచ్చింది. 1864 అక్టోబరులో కలకత్తాను, నవంబరు 1న మచిలీపట్నాన్ని తుపానులు ముంచెత్తాయి. బందరు ఉప్పెనలో పోయినవారు సుమారు ముప్పైవేల మంది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. దాని మొదటి అధికారి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్. ఆయన కుర్చీలో కుదురుకునేలోగా 1876లో వానలు మొహం చాటేశాయి. మనవాళ్లు ధాత కరువని చెప్పుకునేది అదే. అంతకు ముందు 1832-33లో గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చేసిన నందన కరువు లాగే ఇదీ సంవత్సరం పేరుతోనే జనం నోట నిలిచింది. వచ్చే ఏడు వానలు పడతాయో లేదో ముందుగా చెప్పగలవా అని సర్కారు బ్లాన్‌ఫోర్డును అడిగింది.

మంచు మన కథలోకి వచ్చేది ఇక్కడే. హిమాలయాల మీద చలికాలంలోనూ వేసవి మొదట్లోనూ మంచు ఎక్కువగా, ఆలస్యంగా పడిన ఏడు మైదానాల్లో పొడిగాలులు వీచి వానలు తగ్గుతున్నాయని బ్లాన్‌ఫోర్డు గమనించాడు. దాని ఆధారంగా 1882 నుంచి 1885 వరకు ప్రయోగంగా అంచనాలు ఇచ్చాడు. 1884లో దానిపై లండను రాయల్ సొసైటీకి వ్యాసం పంపాడు. 1886 జూన్ 4న మొదటి అధికారిక రుతుపవన అంచనా వెలువడింది. అంటే ఎన్నడూ మంచు చూడని మన కౌలు రైతు నారు పోయాలా వద్దా అన్న సంగతిని ఎక్కడో కొండల మీది మంచును చూసి చెప్పే ప్రయత్నం నూటనలభై ఏళ్ల కిందటే మొదలైంది.

అది నిలబడిందా అంటే, పూర్తిగా లేదు. బ్లాన్‌ఫోర్డు తరువాతి ఎలియట్ దొర 1899లో మంచి వానలన్నాడు, ఘోరమైన కరువొచ్చింది. 1904లో వచ్చిన గిల్బర్ట్ వాకర్ గణిత పండితుడు. ఒక్క మంచునే నమ్మకుండా ప్రపంచమంతటి గాలి ఒత్తిడి లెక్కలు పోగుచేశాడు. పసిఫిక్, హిందూ మహాసముద్రాల మీద ఒత్తిడి త్రాసులాగా ఒకవైపు పెరిగితే రెండోవైపు తగ్గుతుందని కనిపెట్టాడు. ఈనాడు ఎల్‌నినో అని టీవీలో చెప్పే మాటకు పునాది అదే. 1988లో మన శాస్త్రజ్ఞులు పదహారు అంశాల సూత్రం తెచ్చినప్పుడూ హిమాలయాల మంచు, యూరప్ ఆసియాల మంచు అందులో ఉన్నాయి. 2002లో ఆ సూత్రం సాధారణ వర్షపాతం అంది. దేశంలో 19 శాతం లోటు పడింది. మరుసటి ఏడే సూత్రం మార్చారు. ఈ రంగంలో మన తెలుగువారు పంచేటి కోటేశ్వరం గారిని మరువరాదు. రుతుపవన కాలంలో ఆకాశంలో చాలా ఎత్తున తూర్పు నుంచి పడమరకు ఉరికే గాలి ప్రవాహాన్ని లోకానికి తెలిపినవారు. 1969 నుంచి 1975 వరకు వాతావరణ శాఖ డైరెక్టర్ జనరల్‌గా ఉన్నారు.

ఇన్ని సూత్రాలకూ ముడిసరుకు ఎక్కడిది? కొంత మన కచేరీల పెరట్లోది. రెవెన్యూలో పనిచేసిన వారికి విదితమే: తాలూకా కచేరీ ఆవరణలో, చెట్ల నీడ పడనిచోట, అడుగు ఎత్తున ఐదంగుళాల వెడల్పు గరాటు, దాని కింద సీసా. ఉదయం ఎనిమిదిన్నరకు బంట్రోతు గాని గుమాస్తా గాని నీటిని కొలగాజులో పోసి చూడటం, పుస్తకంలో ఎక్కించడం, జిల్లాకు తంతి పంపడం. మెట్రిక్ రాకముందు అంగుళాలు, సెంట్లు. పది సెంట్లు పడితే వాన రోజు. తరువాత అదే రెండున్నర మిల్లీమీటర్లయింది. పండగ లేదు, ఆదివారం లేదు. వాన పడని రోజు కూడా సున్నా అని రాయాలి. రాయని రోజుకూ సున్నా రోజుకూ తేడా తెలియకపోతే పుస్తకం పనికిరాదు. అమెరికాలో మంచును కూడా చివరికి కరిగించి ఇట్లాగే కొలుస్తారు. ఉజ్జాయింపుగా పది అంగుళాల మంచు ఒక అంగుళం వాన. 2016 జనవరిలో న్యూయార్కు సెంట్రల్ పార్కులో 27 అంగుళాలు దాటిందన్న మంచు మన లెక్కలో మూడంగుళాల లోపు వాన. తుపాను రోజున మన బంట్రోతు సీసాను రెండుసార్లు వంపిన సందర్భాలు అంతకు పెద్దవి.

ఎందుకంత శ్రద్ధ? వాన తగ్గితే పంట తగ్గుతుంది, పంట తగ్గితే శిస్తు తగ్గుతుంది, వజా ఇవ్వాల్సి వస్తుంది. జమాబందీలో వాన లెక్క చూడకుండా మాట సాగేది కాదు. చలికి శిస్తు లేదు. అందుకే తాలూకా కచేరీలకు గరాటు వచ్చింది గాని ఉష్ణమాపకం రాలేదు. థర్మామీటరు పెట్టిన పెట్టె వాతావరణ శాఖ కేంద్రాల్లోనే ఉండేది. మనకు చుట్టుపక్కల అంటే మచిలీపట్నం, గన్నవరం, ఖమ్మం. మచిలీపట్నం సముద్రపు ఒడ్డు, అక్కడి రాత్రి వేరు, మన మెట్ట రాత్రి వేరు.

కనుక రెండో ప్రశ్నకు తిరువూరు సొంత పుస్తకం నుంచి జవాబు రాదు. 1901 నుంచి 2018 వరకు దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర ప్రభుత్వ శాస్త్రజ్ఞులు 2020లో తేల్చారు. అది దేశం మాట. మన ఊరి పుష్యమాసపు తెల్లవారుజాము ఎంత చల్లగా ఉండేదో అందులో లేదు. మిత్రులు "మాఘమాసపు చలి మంటలో పడ్డా తీరదనే వారు, ఇప్పుడేదీ?" అంటారు. సామెత ఎప్పటిదో మనకు తెలియదు. అప్పుడు గోనెపట్టా కప్పుకుని చుట్టింట్లో పడుకున్నాం. ఇప్పుడు స్లాబు కింద రగ్గులో పడుకుంటున్నాం. చలి తగ్గిందో, మనం దానికి కనబడకుండా దాక్కున్నామో జ్ఞాపకం ఒక్కదానితో తేలదు.

మనుషులకంటే నమ్మదగిన సాక్షి ఒకటుంది, మామిడి చెట్టు. మన తిరువూరు, విస్సన్నపేట, నూజివీడు వైపు తోటల్లో బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయలు డిసెంబరు, జనవరి రాత్రులు చల్లబడితేనే సరిగా పూస్తాయి. చలి ఆలస్యమైతే పూత ఆలస్యం. పూత మీద పొగమంచు పట్టి మబ్బు వేస్తే బూడిద తెగులు, తేనెమంచు పురుగు. కౌలుకు తోట పట్టిన వాడికి ఆ నెలన్నర నిద్ర ఉండదు. వాడి అప్పు ఆ పూత మీద ఉంటుంది. పూత తేదీ అంటే ఒక విధంగా ఆ ఏటి చలి రికార్డే. దానిని కచేరీలో ఎవరూ రాయలేదు. కొందరు రైతులు, కరణాలు పంచాంగం అంచున రాసుకున్నారు.

ఉన్న వాన పుస్తకాలకూ భద్రత తక్కువే. 1984లో కరణాల పద్ధతి పోయింది. 1985లో తాలూకాలు మండలాలయ్యాయి. కచేరీలు ఇళ్లు మారాయి. ఆర్‌.డిస్‌. అయితే శాశ్వతం, డి.డిస్‌. అయితే పదేళ్లు, ఎల్‌.డిస్‌. అయితే ఏడాది అని మనం నేర్చుకున్నదే. అటక మీద ఏ కట్ట ఏ డిస్‌ కింద పోయిందో చెప్పేవారు లేరు. నేను పనిచేసిన ఒక కచేరీలో పాత వాన పుస్తకాలను చెదలు తిన్న కట్టలతో కలిపి బయట వేయడం చూశాను. ఇప్పుడు స్వయంచాలక యంత్రాలు వాన, వేడి, చలి, గాలి అన్నీ తమంతట తామే పంపుతున్నాయి. కరువు మండలమా కాదా అన్నదీ ఆ వాన లెక్క మీదనే తేలుతోంది. కాని 'సాధారణ వర్షపాతం' అన్న మాట ఉన్నది చూశారూ, అది పాత గరాటు పుస్తకాల సగటు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానకు బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఇంత వాన ఇంతకు ముందు ఎప్పుడు పడిందని అందరూ అడిగారు. అటువంటి ప్రశ్నకు జవాబు ఆ పుస్తకాల్లోనే ఉంటుంది, మిగిలి ఉంటే.

మన సంఘ సభ్యులకు, ముఖ్యంగా వారి కుటుంబ సభ్యులకు ఒక మనవి. ఇంట్లో పాత పంచాంగాలు, డైరీలు, తోట లెక్కల పుస్తకాలు ఉంటే అమ్మే ముందు ఒకసారి తిరగవేయండి. ఫలానా ఏడు ఫలానా తేదీన పూత, ఫలానా రాత్రి విపరీతమైన చలి, ఫలానా కార్తెలో ఇన్ని అంగుళాల వాన అని ఎక్కడైనా ఉంటే ఆ పేజీని ఫొటో తీయించి, సంవత్సరం పేరు, ఊరు పేరు వెనుక రాసి కార్యాలయంలో ఇవ్వండి. సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే ఇంగ్లీషు సంవత్సరం కూడా చేర్చండి. ధాత 1876లో వచ్చింది, 1936లో వచ్చింది, కోనసీమ తుపాను కొట్టిన 1996లోనూ వచ్చింది.